దారి మధ్యలో ఆర్వీ టైరు పేలకుండా

వేసవి సెలవుల్లో ఆర్వీ (ఇల్లులాంటి ప్రయాణపు బండి) ఎక్కే ముందు మీ ఇంట్లో ఎంత హడావుడి! బియ్యం సంచి, పచ్చళ్ల సీసాలు, కుక్కరు, పిల్లల దుప్పట్లు, మడత కుర్చీలు. గ్యాస్ నిండుగా ఉందా, ఫ్రిజ్ చల్లబడుతోందా, జనరేటరు ఒక్క మీటకు అందుకుంటోందా అని ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. టైర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఓసారి కాలితో తన్ని, గాట్లు లోతుగానే ఉన్నాయని తృప్తిపడి బండెక్కేస్తారు. అవునా, కాదా? మిమ్మల్ని తప్పుపట్టడానికి అడగడం లేదు. ఇన్నేళ్లూ కారు నడిపిన అలవాటు అది, కారు విషయంలో చాలావరకు పనికొస్తుంది కూడా. కానీ కారు టైరు అరిగి పాడవుతుంది, ఆర్వీ టైరు అరగకుండానే పాడవుతుంది. ఈ తేడా ఒక్కటి మనసుకెక్కితే, ఇక్కడ చెప్పబోయే జాగ్రత్తల్లో సగం మీకే తోస్తాయి.

ఆలోచించండి. ఆఫీసుకూ బడికీ గుడికీ తిరిగే కారు అమెరికాలో ఏడాదికి 12,000 మైళ్లయినా నడుస్తుంది. నాలుగైదేళ్లలో గాట్లు అరిగిపోతాయి, టైర్లు మార్చేస్తారు. రబ్బరు ముసలిదయ్యేలోపే దాని పని అయిపోతుంది. ఆర్వీ అలా కాదు. ఏడాదికి రెండు మూడు పెద్ద ప్రయాణాలు, మిగతా నెలలన్నీ ఇంటి పక్కనో, స్టోరేజీ యార్డులోనో ఎండకు నిలబడి ఉండటం. నిలబడి ఉంటే పాడవుతుందా అని అడగవచ్చు. అవుతుంది, అక్కడే అసలు చిక్కు. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండలోని అతినీలలోహిత కిరణాలు రబ్బరును రోజూ కొంచెం కొంచెంగా గట్టిపరుస్తూనే ఉంటాయి. దీన్ని తట్టుకోవడానికి తయారీలోనే రబ్బరులో కొన్ని మైనాలు, రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ, వంగుతూ ఉంటేనే అవి లోపలి నుంచి పైకి ఊరి పొరలా కాపాడతాయి. కదలని టైరుకు ఆ రక్షణ అందదు. ఈలోగా లోపల స్టీలు పొరలకూ రబ్బరుకూ మధ్య పట్టు సడలుతూ వస్తుంది. అది బయటికి కనిపించదు. గాట్లు కొత్తవాటిలా మెరుస్తూనే ఉంటాయి.

ఈ మాటకు ఆధారం ఉంది. అమెరికా హైవే భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2007లో ఆ దేశపు కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో ఒక పెద్ద బీమా కంపెనీ లెక్కలు ఉన్నాయి. ఆ కంపెనీ ఖాతాదారుల్లో టెక్సాస్, కాలిఫోర్నియా, లూసియానా, ఫ్లోరిడా, అరిజోనా వాళ్లు 27 శాతమే. టైర్లకు సంబంధించిన క్లెయిముల్లో మాత్రం 77 శాతం ఆ అయిదు రాష్ట్రాలవే. వాటిలో 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లవి. వేడి, వయసు కలిస్తే ఏమవుతుందో ఇంతకన్నా సూటిగా చెప్పే లెక్క దొరకదు. డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఉంటున్న తెలుగు కుటుంబానికి ఇది ఎక్కడో దూరపు సంగతి కాదు. కాబట్టి ఆర్వీ టైరును కంటితో చూసి తేల్చేయకండి. మూడు అంకెలు తెలుసుకుని తేల్చండి: అది తయారైన తేదీ, అది మోస్తున్న బరువు, చల్లగా ఉన్నప్పుడు అందులో ఉన్న గాలి.

1. తయారైన తేదీ చదవండి

టైరు సైడ్‌వాల్ మీద డీఓటీ అనే మూడు ఇంగ్లిషు అక్షరాలతో మొదలయ్యే ఒక వరస ఉంటుంది. దాని చివర నాలుగు అంకెలే మీకు కావలసినవి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైన టైరు. ఈ పూర్తి వరస టైరుకు ఒక పక్కే ఉండవచ్చు, ఆ పక్క లోపలివైపు ఉండవచ్చు. బయట కనబడలేదని వదిలేయకండి. ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, టార్చి లైటు పట్టుకుని బండి కిందికి వంగి చదవండి. జాకీ మీద లేపి ఉన్న బండి కిందికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దూరకండి. అన్ని టైర్లవీ చదవండి, స్టెప్నీది కూడా. వాడకుండా వేలాడదీసిన స్టెప్నీకి వయసు పెరగదని చాలామంది అనుకుంటారు. పెరుగుతుంది.

ఎన్నేళ్లకు మార్చాలి? అందరూ ఒప్పుకునే ఒకే అంకె లేదు. కొన్ని వాహన కంపెనీలు ఆరేళ్లంటాయి. అయిదేళ్లు దాటాక ఏటా నిపుణుడి చేత చూపించమనీ, ఎంత బాగున్నా పదేళ్లకు మార్చేయమనీ మిషెలిన్ చెబుతుంది. ఈ రెండు అంకెల మధ్య మీ బండిని ఎక్కడ నిలబెట్టాలి? వెనక తగిలించి లాగే ట్రావెల్ ట్రెయిలరుకు వేసే ఎస్‌టీ రకం టైర్లయితే అయిదు, మహా అయితే ఆరేళ్లు. వాటి మీద బరువు ఎప్పుడూ అంచుదాకా ఉంటుంది, మలుపుల్లో పక్కలకు ఈడ్చుకుపోయే ఒత్తిడీ ఎక్కువే. సొంత ఇంజనున్న మోటార్ హోమ్‌కయితే ఏటా చూపించుకుంటూ ఏడేళ్ల దగ్గర ఆపేయడం మంచిది. పదేళ్ల హద్దు నీడలో ఉంచి, గాలి సరిగ్గా చూసుకున్న టైరుకు. అరిజోనా ఎండలో కవరు లేకుండా నిలబడిన టైరుకు ఆ హద్దు పట్టుకుని కూర్చోవడం తెలివైన పని కాదు.

“గాట్లు చెక్కుచెదరలేదు, ఆరు టైర్లూ పారేయమంటారా? ఎంత డబ్బు!” అని మీకు అనిపించడం న్యాయమే. కానీ ఆ డబ్బును దేనితో పోల్చి చూస్తున్నారు? టైరు పేలితే పోయేది టైరొక్కటే అయితే మీ మాట నిజమయ్యేది. హైవే మీద ఊడిన ట్రెడ్ (గాట్లున్న పైపొర) పట్టీ చక్రంతో పాటు గిర్రున తిరుగుతూ పైనున్న నేలబల్లను చీలుస్తుంది. అక్కడే వెళ్లే వైర్లను, మురుగు గొట్టాన్ని, కొన్ని బళ్లలో గ్యాస్ గొట్టాన్ని కూడా తెంచేస్తుంది. ఆ మరమ్మతు చాలాసార్లు మొత్తం టైర్ల సెట్టు ఖరీదును దాటిపోతుంది. ముందు చక్రమైతే స్టీరింగే అదుపు తప్పే ప్రమాదం ఉంది. పాత ఆర్వీ కొంటున్నారా? డీలరు “టైర్లు కొత్తగా ఉన్నాయి” అంటే ఆ నాలుగంకెలు చదివి చూపించండి. బేరంలో మీకు అంతకన్నా గట్టి ఆయుధం లేదు. కొత్త టైర్లు వేయించేటప్పుడూ అదే పని చేయండి. దుకాణం అరలో రెండేళ్లు కూర్చున్న టైరుకు ఆ రెండేళ్లూ ముందే ఖర్చయిపోయాయి.

2. బండిని కాటా వేయించండి

ఆర్వీ బరువెంత అని అడిగితే చాలామంది బ్రోషరులోని అంకె చెబుతారు. అది ఖాళీ బండిది. మీరు నింపిన బండి బరువు మీకు తెలియదు, తెలియకుండా ఎంత గాలి కావాలో నిర్ణయించలేరు. ఒక్క నీళ్లే చూడండి. గాలన్ నీళ్లు 8.34 పౌండ్లు. 50 గాలన్ల ట్యాంకు నింపితే 400 పౌండ్లు దాటింది, ఇద్దరు పెద్ద మనుషులు అదనంగా ఎక్కినట్టే లెక్క. పది రోజుల సామాను, సైకిళ్లు, కుర్చీలు, పనిముట్లు ఎక్కడికక్కడ కలుస్తూనే ఉంటాయి.

హైవేల పక్కన లారీలు ఆగే పెద్ద పెట్రోలు బంకుల్లో క్యాట్ స్కేల్ అని కాటాలుంటాయి. వాటికి పలకలు విడివిడిగా ఉంటాయి కాబట్టి ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలరు బరువులు వేరువేరుగా తెలుస్తాయి. నీళ్లు, గ్యాసు, సామాను, మనుషులు అందరూ ఎక్కి, సరిగ్గా ప్రయాణంలో ఉన్నట్టే వెళ్లి తూయించండి. కొద్ది డాలర్లతో, పది నిమిషాల్లో అయిపోయే పని. ఇంత చిన్న పనిని ఇంతమంది ఎందుకు దాటేస్తారో అర్థం కాదు.

ఇరుసు బరువు తెలిస్తే చాలునా? ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కుటుంబానికి రెండు ఇరుసుల ట్రెయిలరు ఉందనుకోండి. నాలుగు టైర్లూ ఎస్‌టీ 225/75 ఆర్ 15, లోడ్ రేంజ్ డి. 65 పీఎస్‌ఐ గాలితో ఒక్కో టైరు గరిష్ఠంగా 2,540 పౌండ్లు మోస్తుంది, నాలుగూ కలిపి 10,160. కాటా మీద ఇరుసులు రెండూ కలిపి 9,200 వచ్చింది. ఇంకా 960 పౌండ్ల వెసులుబాటు ఉందని ఆ ఇంటాయన నిశ్చింతగా ఉంటాడు. కానీ ఆ ట్రెయిలరులో వంటగది, ఫ్రిజ్, బయటికి జరిగే స్లైడ్ గది అన్నీ కుడివైపే. పక్కల వారీగా తూస్తే ఎడమ 4,100, కుడి 5,100. కుడివైపు రెండు టైర్ల మీద చెరో 2,550! మొత్తం మీద ఎంతో మిగులున్న బండిలో రెండు టైర్లు హద్దు దాటి నడుస్తున్నాయి. అందుకే వీలైతే ఒక్కసారైనా చక్రం చక్రానికీ విడిగా తూయించండి. ఆర్వీ యజమానుల సంఘం ఎస్కేపీస్ ఇలాంటి సేవ నడుపుతుంది. ఆ తర్వాత బరువైన వస్తువులను తేలికైన వైపుకు మార్చుకోండి, గరిష్ఠ బరువుకు కనీసం 15 శాతం తక్కువలో ఉండేలా చూసుకోండి.

కంపెనీ ఇచ్చిన టైరే చాలనుకుని బరువును తేలిగ్గా తీసుకుంటే ఎంత దూరం పోతుందో చెప్పడానికి గుడ్‌ఇయర్ జి159 కథ ఒక్కటి చాలు. ఊళ్లలో సరుకులు చేరవేసే ట్రక్కుల కోసం రూపొందిన ఈ టైరు, 275/70 ఆర్ 22.5 సైజులో, 1996 నుంచి 2003 దాకా తయారై చాలా మోటార్ హోమ్‌లకు కూడా ఎక్కింది. ట్రెడ్ ఊడి జరిగిన ప్రమాదాల్లో 8 మంది చనిపోయారనీ, 69 మంది గాయపడ్డారనీ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ తేల్చింది. టైరులో లోపం లేదని కంపెనీ చివరిదాకా వాదించింది. అయినా 2022లో లక్షా 73 వేలకు పైగా టైర్లను వెనక్కి పిలిచింది, ఆఖరి టైరు తయారైన దాదాపు 19 ఏళ్లకు! ఎవరి వాదన నిజమన్నది కోర్టుల సంగతి. మీకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. కొత్త బండితో కంపెనీ ఇచ్చిన టైరు కదా, సరైనదే అయి ఉంటుంది అన్న నమ్మకం మీ బరువులకూ మీ వేగాలకూ హామీ కాదు. కాటా చీటీయే హామీ.

3. చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవండి

గాలి తగ్గితే టైరు ఎందుకు పేలుతుంది? ఎక్కువైతే కదా పేలాలి అని చాలామందికి సందేహం. గాలి తక్కువైన టైరు నేలను తాకిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే వేడెక్కి విరిగినట్టు, ఆ వంపులతో లోపలి పొరలు వేడెక్కి విడిపోతాయి. బరువు ఎక్కువైనా జరిగేది ఇదే, వేగం పెరిగినా ఇదే. అందుకే ఈ మూడింటినీ విడివిడిగా చూడటం కుదరదు.

టైర్ల భాషలో చల్లగా అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, ఎండ ఒక పక్కనే పడుతూ ఉండకూడదు. తెల్లవారుజామున బయల్దేరే ముందు కొలవడం అన్నిటికన్నా మేలు. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు మారితే గాలి ఒత్తిడి దాదాపు 2 శాతం మారుతుంది. ఇక్కడే ఒక ప్రమాదకరమైన పొరపాటు జరుగుతుంది. కొలరాడో కొండల్లో 50 డిగ్రీల చలిలో 80 పీఎస్‌ఐ పెట్టుకుని దిగారు. మధ్యాహ్నానికి అరిజోనా ఎడారిలో ఆగి చూస్తే గేజి 95 దాకా చూపిస్తోంది. గాబరాపడి గాలి తీసేస్తారు. అలా చేయకండి. నడిస్తే ఒత్తిడి పెరుగుతుందని తెలిసే కంపెనీలు ఆ అంకెను చల్లటి కొలతగా నిర్ణయించాయి. వేడిమీద తీసేసిన గాలి మర్నాడు తెల్లవారికి లోటుగా మిగులుతుంది, ఆ లోటు మళ్లీ వేడిని పెంచుతుంది.

ఎంత పెట్టాలి? బండి మీద అతికించిన చీటీలో ఒక అంకె ఉంటుంది, టైరు మీద ఒక అంకె ఉంటుంది. రెండూ ఒకటే కానక్కర్లేదు. ట్రెయిలరుకయితే టైరు మీద రాసిన గరిష్ఠ చల్లటి ఒత్తిడే పెట్టుకోండి. ట్రెయిలరు టైర్లు ఎక్కువగా బరువు అంచున నడుస్తాయి కాబట్టి అదే క్షేమం. మోటార్ హోమ్‌కయితే, కాటా వేయించనంత వరకూ బండి చీటీలోని అంకె పాటించండి. కాటా వేయించాక మీ టైరు కంపెనీ ఇచ్చే బరువు-గాలి పట్టిక తీసి, ఆ ఇరుసు మీద ఎక్కువ మోస్తున్న వైపు బరువుకు తగిన అంకె చూసి, దాన్నే రెండు వైపులా పెట్టండి. గరిష్ఠంగా గాలి కొట్టేస్తే గొడవే ఉండదు కదా అంటారు కొందరు. తేలికైన ముందు ఇరుసుకు అవసరానికి మించి గాలి కొడితే టైరు నేలను తక్కువగా పట్టుకుంటుంది, బ్రేకు పడే దూరం పెరుగుతుంది, ప్రతి గుంతా స్టీరింగులో తగులుతుంది. గాలి తక్కువ కన్నా ఇది నయమే, కానీ సరైన అంకె చేతిలో ఉండగా దీనితో సరిపెట్టుకోవడం ఎందుకు?

జంట టైర్ల దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. వెనక ఇరుసుకు పక్కపక్కనే రెండేసి ఉంటాయి, లోపలిది కనబడదు. దానిలో గాలి పోతే బయటిదే రెండింటి బరువూ మోస్తూ ఏమీ తెలియనివ్వదు. సుత్తితో కొట్టి శబ్దం విని చెప్పేస్తాం అనే డ్రైవర్లుంటారు. పూర్తిగా పోయినది ఆ దెబ్బకు తెలుస్తుంది, 20 పీఎస్‌ఐ తగ్గినది తెలియదు. రెండు వైపులా మూతి ఉన్న పొడవాటి గేజి కొనండి, లోపలి వాల్వుకు చేయి అందకపోతే పొడిగింపు గొట్టం వేయించండి. ఇంకొక సంగతి, ఇది చాలామందికి తెలియదు. ఉండాల్సిన గాలిలో 80 శాతానికి పడిపోయి అలాగే నడిచిన టైరును టైర్ల పరిశ్రమ పంక్చరైనట్టే లెక్కిస్తుంది. 80 ఉండాల్సినది 64కు దిగి కొన్ని మైళ్లు నడిస్తే, మళ్లీ గాలి కొట్టేసి వెళ్లిపోకూడదు. రిమ్ము నుంచి తీయించి లోపల చూపించాలి. లోపలి తీగలు దెబ్బతిని ఉంటే గాలి కొడుతున్నప్పుడే సైడ్‌వాల్ చీలిపోవచ్చు, పక్కన నిలబడ్డ మనిషికి ప్రాణాపాయం.

4. హెచ్చరించే పరికరం మీరే పెట్టించుకోండి

“గాలి తగ్గితే లైటు వెలుగుతుంది కదా?” మీ కారులో వెలుగుతుంది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకు ఉన్న ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్ ఊడి వరసగా ప్రమాదాలు జరిగాయని 2000లో బయటపడింది. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ లెక్కలో 270 మందికి పైగా చనిపోయారు. అవీ ఎక్కువగా వేడి రాష్ట్రాల్లోనే. ఆ దుఃఖంలోంచి పుట్టిన చట్టం వల్లే కార్లకు గాలి హెచ్చరిక తప్పనిసరి అయింది. కానీ ఆ నియమం మొత్తం బరువు 10,000 పౌండ్లకు మించని మోటారు వాహనాలకే. ట్రెయిలర్లకు వర్తించదు. అద్దె కంపెనీలు ఎక్కువగా ఇచ్చే, ఫోర్డ్ ఇ-450 మీద కట్టిన క్లాస్ సి రకం మోటార్ హోమ్ బరువు పరిమితే 14,500 పౌండ్లు. అంటే ఎక్కువ బరువుతో, ఎక్కువ వేడిలో, తక్కువగా కదిలే టైర్లకే ఆ రక్షణ లేదు.

కాబట్టి వాల్వు మూతల స్థానంలో బిగించే సెన్సార్ల సెట్టు కొనుక్కోండి. ఒత్తిడినీ వేడినీ డ్రైవరు ముందున్న తెరమీద చూపిస్తుంది. బిగించే ముందు వాల్వు కాడలు చూడండి. మామూలు రబ్బరు కాడలు 65 పీఎస్‌ఐ వరకే. అంతకు మించిన గాలికీ, సెన్సారు బరువుకూ లోహపు కాడలు వేయించాలి. పరికరం ఉంది కదా అని తక్కిన జాగ్రత్తలు మానకండి. నెమ్మదిగా పోయే గాలిని అది పట్టిస్తుంది, లోపల విడిపోతున్న పొరలను పట్టించలేదు. దానికి మీ కళ్లు, చేయి కావాలి. ఒకచోట ఉబ్బు, సైడ్‌వాల్ మీద చీలికలు, ఒకే వైపు అరుగుదల, కొత్తగా మొదలైన వణుకు, వీటిలో ఏది కనిపించినా బండి ఆపి చూపించండి.

5. రోడ్డు ఒప్పుకున్న వేగం టైరు ఒప్పుకోకపోవచ్చు

పశ్చిమ టెక్సాస్‌లో ఐ-10 మీద 80 మైళ్ల బోర్డు ఉంటుంది. ఆస్టిన్ దగ్గర టోల్ రోడ్డు మీద 85 కూడా ఉంది. మీ ట్రెయిలరు టైరు ఎంత ఒప్పుకుంటుంది? పాత ఎస్‌టీ టైర్లలో చాలావాటికి 65 మైళ్లే హద్దు. కొత్తవాటి మీద సైజు పక్కన ఒక అక్షరం ఉంటుంది. జె అంటే 62, ఎల్ అంటే 75, ఎం అంటే 81. అక్షరమే లేకపోతే 65 దాటకండి. ఎం ఉన్నా 65 దగ్గరే ఉండండి. అలా వెళ్తే వెనకవాళ్లు హారన్ కొడతారు కదా అంటారేమో. కుడి లేను ఉన్నది మీలాంటి బరువైన బళ్ల కోసమే. కాలిఫోర్నియాలో ట్రెయిలరు లాగే ఏ వాహనానికైనా చట్టమే 55 పెట్టింది. అక్కడ నెమ్మదిగా వెళ్లడం మీ హక్కు మాత్రమే కాదు, విధి.

రెండు గంటలకోసారి ఆగండి. పిల్లలు కాళ్లు సాచుకుంటుండగా మీరు బండి చుట్టూ ఒక్క చుట్టు తిరగండి. చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో అన్ని టైర్లనూ ఒకే చోట కొలిచి పోల్చండి. ఎండ పడే వైపు కొంచెం వేడిగా ఉండటం మామూలే. ఒకే వైపున్న వాటిలో ఒక్కటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే గాలి లోటో, బ్రేకు పట్టేయడమో, బేరింగు చెడటమో జరిగి ఉంటుంది. పెట్రోలు బంకులో మలుపు తిరుగుతూ గట్టు అంచుకు టైరు ఒరిపిస్తే అప్పటికప్పుడు ఏమీ కాకపోవచ్చు. లోపలి తీగలు తెగి, కొన్ని నెలల తర్వాత హైవే మీద బయటపడవచ్చు. మలుపు వెడల్పుగా తీసుకోండి.

6. నిలిపి ఉంచే నెలల్లో

ఈ పనులు తేలిక. టైర్లకు తెల్లటి కవర్లు వేయండి. మట్టి మీద కాకుండా టైరు అడుగు మొత్తం ఆనేంత వెడల్పు చెక్క మీద నిలపండి. సగం చెక్క మీద, సగం గాలిలో ఉంటే జంట టైర్లలో ఒకదాని మీదే భారం పడుతుంది. నిండా గాలి ఉంచండి. వీలైతే నెలకోసారి కొన్ని మైళ్లు తిప్పండి, రబ్బరుకు అదే వ్యాయామం. నల్లగా మెరిపించే పెట్రోలియం పాలిష్‌ల జోలికి పోకండి. అవి రబ్బరులోని రక్షక పదార్థాలను లాగేస్తాయి. సబ్బు నీళ్లు చాలు.

7. అద్దె బండి అయితే

ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వెళ్లే మన కుటుంబాల్లో చాలామంది అద్దెకే తీసుకుంటారు. “టైర్లు చూసుకోవడం వాళ్ల బాధ్యత కదా?” నిజమే, బాధ్యత వాళ్లదే. ప్రయాణం మాత్రం మీది, వెనక సీట్లలో ఉన్నది మీ పిల్లలు. తాళాలు తీసుకునే ముందు పావుగంట కేటాయించండి. అన్ని టైర్ల తేదీలు చదివి ఫోటో తీసుకోండి. గేజి మీరే తీసుకెళ్లి వాళ్ల ముందే కొలవండి. మొహమాటపడకండి. ఏడేళ్లు దాటిన టైరు కనిపిస్తే వేరే బండి అడగండి. ముఖ్యంగా ఆన్‌లైనులో సొంతదారు నుంచి నేరుగా తీసుకునే బండి నెలల తరబడి ఇంటి ముందు నిలబడినదై ఉండవచ్చు, అక్కడ ఈ పావుగంట మరీ అవసరం. దారిలో సహాయానికి ఏ నంబరు, ఆ సహాయం ఆర్వీకి వర్తిస్తుందా అని అడిగి రాసుకోండి. కారుకు తీసుకున్న మామూలు ట్రిపుల్ ఏ సభ్యత్వం సాధారణంగా పెద్ద ఆర్వీకి పనికిరాదు.

8. అయినా పేలితే

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా రోడ్డు మీద పడిన ఇనప ముక్క టైరును చీల్చవచ్చు. ఆ క్షణంలో చేయవలసినది ముందే తెలిసి ఉంటే చేతులు వాటంతటవే సరైన పని చేస్తాయి. పెద్ద చప్పుడుతో బండి ఒక పక్కకు లాగుతుంది. కాలు బ్రేకు మీదికి దూకబోతుంది. దూకనివ్వకండి. బ్రేకు కొడితే బరువు ముందుకు పడి, పోయిన టైరు వైపు లాగుడు ఇంకా పెరుగుతుంది. స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకుని బండిని లేనులో నిటారుగా ఉంచండి. యాక్సిలరేటరు ఒక్కసారిగా వదలకండి, అవసరమైతే ఒక్క క్షణం కొద్దిగా నొక్కండి. ముందుకు పోయే ఊపే బండిని తిన్నగా నిలబెడుతుంది. అదుపులోకి వచ్చిందని తెలిశాక మెల్లగా కాలు తీసి, వేగం దానంతటదే తగ్గాక రోడ్డు పక్కకు తీయండి. నడుస్తున్న ఆర్వీలో లేచి టీ పెట్టడం, పిల్లలు మంచం మీద ఆడుకోవడం ఎందుకు కూడదో కూడా ఇప్పుడు అర్థమై ఉంటుంది. అందరికీ సీటు బెల్టు ఉండాల్సిందే.

ఆగాక హజార్డ్ లైట్లు వేసి, అందరినీ ట్రాఫిక్‌కు దూరంగా గార్డ్ రెయిల్ అవతలికి పంపండి. పెద్ద మోటార్ హోమ్ చక్రం వంద పౌండ్ల పైచిలుకు ఉంటుంది, హైవే అంచున దాన్ని మీరే మార్చే ప్రయత్నం చేయకండి, సహాయానికి ఫోన్ చేయండి. పెద్ద మోటార్ హోమ్‌లకు స్టెప్నీయే ఉండకపోవచ్చు కాబట్టి టైరు సైజు, లోడ్ రేంజ్ ఫోన్‌లో రాసి పెట్టుకుంటే వాళ్లు సరైన టైరుతో వస్తారు. పేలిన టైరుకు జంటగా ఉన్నదీ, ట్రెయిలరులో అదే వైపున్న రెండోదీ కొంతసేపు రెట్టింపు బరువు మోశాయి. అవి బయటికి బాగానే కనిపించినా తీయించి చూపించండి, అదే వయసువైతే వాటినీ మార్చేయండి. కొత్త చక్రం బిగించాక 50 నుంచి 100 మైళ్ల లోపు ఒకసారి ఆగి, నట్లను టార్క్ రెంచితో మళ్లీ సరిచూసుకోండి.